మిగిలిన మట్టి

పొద్దున పదింటికి రాజేంద్రనగర్ ల్యాబులో
నేను మట్టిని కాలుస్తాను.
నిప్పక్కర్లేదు.
నీడన ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టిన అర గ్రాము,
నారింజ రంగు డైక్రోమేటు పది మిల్లీలీటర్లు,
పైన గాఢమైన ఆసిడ్.
ఫ్లాస్కు పట్టుకోలేనంత వేడెక్కుతుంది.

అరగంట ఆగాలి.
ఆ అరగంటలో ఒక చేను అన్నీ ఒప్పేసుకుంటుంది:
ఏ యేడు మొక్కజొన్న చొప్పకు అగ్గిపెట్టారో,
రోటవేటర్ ఎన్నిసార్లు బోర్లించిందో,
ఏ ఎండాకాలం ఒంటిమీద గడ్డిపోచ లేకుండా
నాలుగు నెలలు మాడిందో.
తర్వాత చుక్క చుక్కా వదులుతాను.
ముదురు నీలం, ఇంకా నీలం, ఇంకా,
ఒక్క చుక్కకి
తటాలున చిలకాకుపచ్చ.
పదేళ్లయింది, ఆ చుక్క దగ్గర ఇప్పటికీ ఊపిరి బిగబడతాను.

ఆమె చిలుకూరు అవతలి నుంచి వచ్చింది.
ఫారంలో పేరు చూసి కౌంటర్ కుర్రాడు నవ్వాపుకున్నాడు.
పెంటమ్మ.
‘నవ్వు బిడ్డ, ఏంగాదు.
నా ముంగట నలుగురు పుట్టి పోయిన్రు.
నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి
చాటెడు తవుడిచ్చి మల్ల కొనుక్కున్నది మాయమ్మ.
గందుకే బతికిన.’
కుర్రాడు రశీదు మీద ముద్ర రెండుసార్లు వేశాడు.

మూడెకరాల ఎర్ర చల్క.
మూడేళ్లుగా కురుమోళ్ల మందను రాత్రుళ్లు పొలంలో ఆపి
గొర్రెల లెక్కన వడ్లు కొలిచింది.
జీలుగ పూతకొచ్చే ముందే కలియదున్నింది.
కంది ఆకు రాలితే రాలిన చోటే ఉంచింది.
అప్పటి కార్డులో సేంద్రియ కర్బనం
సున్నా పాయింట్ ముప్పై ఎనిమిది.
ఇప్పుడు నలభై నాలుగు.
‘మూడేండ్లకు గింతేనా?’

ఏం చెప్పను.
ఇది దక్కను ఎండ పెద్దమ్మా,
వేసిందంతా ఇక్కడి మట్టి దాచుకోదు.
కంటికి కనబడని కోటి నోళ్లున్నాయి దానికి.
ప్రతి వానకూ ఆబగా నములుతాయి,
నమిలింది చాలావరకు గాలిలోకే పోతుంది.
లోతుగా దున్నిన ప్రతిసారీ తలుపులు బార్లా తెరిచినట్టే.
ఏ బంక రేణువు చాటునో,
వానపాము వదిలిన ఉండలోనో,
తెగి చచ్చిన వేరుపోగులోనో
ఇంత నలుపు మిగిలితే
అదే మనకు దక్కింది.

తడబడుతూనే చెప్పాను.
ఆమె కాసేపు గోడమీది పట్టిక చూసింది.
‘అంటె మట్టికి గూడ ఇల్లు గడవాలె గద’ అంది.

పక్క చేను వెంచరైందట.
జానెడు పైమట్టి గీకి
రాత్రిపూట టిప్పర్లలో కోకాపేట దిక్కు తోలారట,
ఎవరిదో ఇరవయ్యో అంతస్తు మీద గడ్డి పెంచడానికి.
ఆ జానెడు ఎన్ని వందల వానల పనో
రాసుకోవడానికి మా కార్డులో గడి లేదు.
ఆ చేను నమూనా ఎవరూ తేరు.

రిపోర్టు ఇచ్చాక మిగిలిన మట్టిని
మూడు నెలలుంచి పారబోయమంటుంది నియమం.
నేను పారబోయను.
అత్తాపూర్‌లో నా బాల్కనీ తొట్టిలో
తాండూరు నల్లరేగడి, శంకర్‌పల్లి చల్క,
మూసీ ఒడ్డున గడ్డి పెంచే మడి
సర్వే నంబర్లు ఊడిపోయి కలిసే ఉన్నాయి.
పుదీనా బాగానే వస్తోంది.
ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

పెంటమ్మ మాత్రం కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు.
‘మిగిలింది ఇయ్యి బిడ్డ.
యాడికెల్లి తీసిన్నో ఆడ్నే ఏస్త.’
గుడ్డసంచి వెతికి తెచ్చిచ్చాను.
మూతి బిగించి, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూసి
‘జర తక్కువున్నది’ అంది.

నిజమే.