నాలుగో గడి

ఏడుంపావు పడవలో బడిపిల్లలు పదకొండుమంది.
షెట్లాండ్ జనవరి, తొమ్మిదింటిదాకా తెల్లారదు.
తాళ్లు విప్పేదీ, టిక్కెట్లు చింపేదీ,
ఎవరైనా కక్కుకుంటే కడిగేదీ నేనే.
ఇరవై రెండేళ్లుగా
ఈ రెండు దీవుల మధ్య ఉన్న అరగంట నీళ్లు నా ఉద్యోగం.

ఆ సోమవారం రాస్మీ
కార్ల డెక్కు మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు,
ఒళ్లో కాగితం, పళ్ల మధ్య పెన్సిలు.
ఆరు గడులు, గడికి ఒక్క సబ్జెక్టు.
శుక్రవారంలోగా ఇచ్చెయ్యాలి,
ఇచ్చాక పరీక్షలయ్యేదాకా మార్చడానికి లేదు.

మొదటి మూడూ తేలిగ్గానే నిండాయట.
నాలుగో దాంట్లో ఫిజిక్సూ సంగీతమూ ఉన్నాయి,
ఒకే పూట దిగిన ఇద్దరు చుట్టాలు
ఉన్న ఒక్క కుర్చీకేసీ చూస్తున్నట్టు.

వాళ్లమ్మ ఫిజిక్సంది. కొండ మీద గాలిమరలు లేస్తున్నాయి,
వాటికి మనుషులు కావాలి కదా.
మావయ్య కొట్టిపారేశాడు: వాటి మనుషులు వాటితోపాటే దిగుతారు,
నువ్వు కింద నించుని గేటు తీస్తావు.
ఆల్చిప్పల తాళ్లు లాగే నాన్న మాత్రం
టీ మొత్తం తాగి, ‘ఏదీ, చేతులు చూపించు’ అన్నాడట.
చూసి, ఏమీ అనలేదట.

బళ్లో హాల్‌క్రో టీచరు
కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నలభై ప్రశ్నలు వేయించి
వాడికి తగిన కెరీర్ తేల్చింది:
పూలగుత్తులు కట్టేవాడు.
గాలికి చెట్టే నిలవని దీవిలో పూలంగడి!
పడవ ఒక కెరటం ఎక్కి దిగినంతసేపు
ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడడిగాడు, ‘నువ్వేం తీసుకున్నావ్?’

ఫ్రెంచి, అన్నాను.
‘ఎందుకూ?’
కిటికీ పక్క బెంచీలో గ్రెటా కూర్చునేది గనక.
అది చెప్పలేదు.
‘భాష వస్తే లోకం వచ్చినట్టే కదా’ అన్నాను.
అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అతకలేదు.
వాడు నా రబ్బరు బూట్లకేసి చూశాడు.

నిజానికి ఏటా జూలైలో
దారి తప్పిన తెరచాప పడవవాడెవడో రేవుకొస్తే
‘తాడు విసురు’ అని వాడి భాషలో అరుస్తాను.
మూడేళ్ల చదువుకి ఆ రెండు మాటలు.
అయితేనేం, తాడు
సూటిగా నా చేతుల్లోనే పడుతుంది.

‘నేను పెద్దయ్యేసరికి నీ పని ఉంటుందా?’
నిరుడు ఎండాకాలం ఎవరో వచ్చి
సముద్రం కింద సొరంగానికి కొలతలు తీసుకుపోయారు.
ఆ సంగతికి కాగితంలో గడి లేదు.
నాకు యాభై ఒకటి.
‘ఏమో’ అన్నాను.
ఆ పొద్దున వాడితో నేనాడిన నిజం అదొక్కటే.

కాగితం ఎత్తి నాలుగో గడి చూపించాడు.
రాసి చెరిపీ, రాసి చెరిపీ
అక్కడ చిల్లు పడింది.
చిల్లులోంచి వాడి మోకాలు కనబడుతోంది,
నీలం ప్యాంటు, నిన్నటి బురద.

శుక్రవారం గాలి మరీ ఎక్కువ. ఒక ట్రిప్పు రద్దు.
సాయంత్రం చీకట్లో ఎక్కాడు.
‘ఇచ్చేశావా?’
‘ఊఁ. పెన్నుతో.’
‘ఏది?’
‘సంగీతం.’
‘ఈల కూడా సరిగ్గా రాదే నీకు, ఎందుకురా?’
టోపీ కిందికి లాక్కున్నాడు, కాస్త ఆలస్యంగా.
చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి.
చలికి అనుకోవచ్చు.

మూడు బెంచీల అవతల సునీవా
తడవకుండా ఫిడేలు పెట్టెని
కోటు కింద దాచుకుని కూర్చుంది.

నేనేమీ అనలేదు.
రేవు దీపాలు దగ్గరయ్యాయి.
తాడు చుట్ట విప్పుతుంటే ఎన్నేళ్లకో
ఒక ఫ్రెంచి క్రియ నోట్లోకి వచ్చింది,
నేను, నువ్వు, ఆమె, మేము,
ఒక్క తప్పు లేకుండా.