ఇతరములు

కాలేజీలో తలా ఒక ట్యాబ్ ఇచ్చారు,
నాలుగేళ్ళయ్యాక తిరిగిచ్చేస్తామని సంతకం పెట్టించుకుని.
ఇంటికి తెస్తే మా నాయన
తువ్వాలుకి రెండుసార్లు చేతులు తుడుచుకుని
అంచుల వెంట బొటనవేలు నడిపి చూశాడు.
"చెక్క చట్రం లేదే. కిందపడితే నిలవదు."
మార్కాపురంలో ముప్పయ్యేళ్ళుగా పలకలు కోస్తున్నవాడి తీర్పు అది.

ఆ ట్యాబ్‌లో ఒక కప్ప ఉంది.
దాని గుండె మీద వేలితో మందు చుక్క వేస్తే
గీత ఎగిరెగిరి పడుతుంది.
ఇంకో చుక్కకి చదునైపోతుంది.
మూలనున్న బొత్తాం నొక్కితే
ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలు.
సుభాషిణి మేడం చదువుకునే రోజుల్లో
గుండ్లకమ్మ గట్టు నుంచి సంచిలో వచ్చిన కప్పలకి
కోసేముందు పేర్లు పెట్టేవాళ్ళట.
"అదృష్టం" అంది ఖాసింబీ.
కప్పలదో మాదో చెప్పలేదు.

మా ఇంట్లో సిగ్నల్ మిద్దె మీదే.
తెర మధ్య తిరిగే సున్నాను చూస్తుంటే
ఎనిమిదో తరగతి తెలుగయ్యవారు గుర్తొస్తారు:
మాత్ర అంటే రెప్పపాటు. లఘువుకి ఒకటి, గురువుకి రెండు.
ఇక్కడ రెండొందల రెప్పపాట్లకి
ఒక్క మాత్ర దిగుతుంది,
దాని అణువు, ఒంట్లో దాని దారి,
దేనితో దానికి పడదో.

నిన్నటి అసైన్‌మెంట్:
ఇంట్లో ఒకరి మందుల చరిత్ర నింపి పంపాలి.
పేరు చెన్నకేశవులు. వయసు యాభై రెండు.
పొద్దున పీల్చేది, రాత్రి మింగేవి,
సగం చిరిగిన అట్టలన్నీ
కెమెరా ముందు ఒక్కొక్కటే పట్టుకున్నాను.
కంభం డాక్టరు రాసిందీ ఒంగోలు డాక్టరు రాసిందీ
పేర్లే వేరు, మందొకటేనని
తెర ఎర్రబడింది.
"అందుకేనా చేతులొణికేది!" నాయన నవ్వాడు.
"నేనింకా వయసనుకున్నా."

తర్వాతి గడి, వృత్తి.
రైతు, డ్రైవరు, టీచరు, గృహిణి, సాఫ్ట్‌వేరు...
పైకీ కిందికీ మూడుసార్లు తిప్పాను.
పలకల పని లేదు.
"ఏం రాశావమ్మా?" దగ్గుకీ దగ్గుకీ మధ్య అడిగాడు.
జాబితాలో ఆఖరి మాట మీద నా వేలు.
తాకితే చాలు, పేజీ అయిపోతుంది.

అద్దం మీద సన్నటి బూడిదరంగు పొడి,
ఆయన చొక్కా నుంచి రాలింది.
తుడవబోయి,
చిన్నప్పటిలా దాని మీదే
వేలితో "ప" రాశాను.

ట్యాబ్ ఉలిక్కిపడి
ఇంకేదో పేజీ తెరిచింది.