ఆకుపచ్చ గుండీ

రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను
బుజబుజ నెల్లూరు అడ్డరోడ్డులో నన్ను దించేసరికి
పదకొండున్నర దాటతాది.
ఖాజా హారను కొట్టడు,
లైటు మాత్రం ఒకసారి ఆర్పి వెలిగిస్తాడు,
పో మే, పదిలం, అన్నట్టు.

అక్కణ్ణించి మా సందుకి
కొత్త లేఅవుటు మధ్యగా పద్నాలుగిళ్లు.
పగలు ఇవి ఇళ్లే.
గేట్లు, తులసికోటలు, పిట్టగోడ మీద ఆరేసిన చీరలు.
రాత్రయితే గోడలన్నీ చీకట్లోకి పోతాయి,
మొహాలు మిగలతాయి.

మొదటి ఇంటి మొహానికి నాలిక గడ్డం దాకా.
మీసం తేలుకొండి మాదిరి పైకి.
రెండో ఇంటాయన రిజిస్ట్రారాఫీసు.
ఆయన మొహం కళ్లల్లో ఎర్ర బల్బులు పెట్టించినాడు,
వెలగతాయి, ఆరతాయి, వెలగతాయి,
ఒకరిచ్చింది లెక్కబెట్టుకుంటా ఉన్నట్టు.

ఐదో ఇంటి ముందర బూడిద గుమ్మడికాయ
ఉట్టిలోనే కుళ్లి చుక్క చుక్క కారతా ఉంటాది.
ఆ చుక్క నెత్తిన పడకుండా దాటడం ఒక విద్య.
రెండేళ్లకి నేర్చినా.
ఆ పక్కింటి గుమ్మానికి పాత చెప్పు, ఎడమకాలిది.
కుడిది ఏమైందని
అడుగుదామని నోటిదాకా వస్తాది గానీ
ఆ వేళకి ఎవురు మేలుకోనుంటారు.

ఏడో ఇంట్లో జోషిత అని బుడ్డపిల్ల.
వాళ్ల రాక్షసుణ్ణి చూసి వాళ్ల పిల్లే జడుసుకుందంట.
పొద్దుగూకతానే వాళ్లమ్మ
వాడి మొహానికి తువ్వాలు కట్టేస్తాది.
రాత్రంతా కళ్లకు గంతలతో
కాపలా కాస్తాడు పాపం.

నిమ్మకాయా, ఏడు మిరపకాయలూ,
తలకిందల కలబందా, నల్లతాడూ, పటిక ముక్కా.
ఇళ్లకి ఎంత భయమబ్బా!
ఎవురొచ్చి చూస్తారని?
ఈ పొద్దప్పుడు ఈ దోవన వచ్చే కళ్లు
నావి రెండే.
ఐసు ముందర ఎనిమిది గంటలు నిలబడి
తలకాయలు తుంచి, పొట్టు వలిచి
నా పాదాలే నాకు మసగ్గా కనపడే కళ్లు.
ఇవా దిష్టి కొట్టేది,
మార్బులు మెట్లకి?

అయినా అబద్దమెందుకు.
తొమ్మిదో ఇంటి కిటికీలో
గోడంత టీవీ, సోఫాలో ఒకామె కాళ్లు చాపుకోని
కునుకుతా ఉంటే చూసినా ఒకసారి.
నిలబడి చూసినా.
మర్నాడు ఆ ఇంటికి ఇంకో గుమ్మడికాయ కట్టినారు.
నాకోసమేనేమో అనుకున్నా.
కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

పన్నెండోది ఇంకా ఇల్లు కాలా.
పిల్లర్లు, చువ్వలు, పచ్చ వల, ఇసక కుప్ప.
ఇసక పక్కన మొన్న గడ్డిమనిషిని పాతినారు.
కుండ తలకాయ, సున్నం బొట్లు,
ఒంటికి గళ్ల చొక్కా.
గాలికి ఒక చెయ్యి ఊగతా ఉంది.
ఫోను లైటేసి చూసినా.

రెండో గుండీ ఆకుపచ్చది.
తక్కినవన్నీ తెల్లవి.

నాయుడుపేట పెళ్లికి పోయే హడావిడిలో
నా జాకెట్టుది పీకి కుట్టినా ఆ గుండీ.
జనం నవ్వతారని కసిరినాడు మా శీనయ్య.
ఎవురూ నవ్వలా. ఎవురూ చూడలా.
ఆయన కాలం చేసినాక
పాతబట్టలోడికి ఏడు చొక్కాలిచ్చి
స్టీలు టిఫిను డబ్బా తీసుకున్నా.
ఇప్పుడు నా సంచిలో గలగలమనేది అదే.

ఇట్టాంటి ఇళ్లకే చువ్వలు వంచినాడు బతికినన్నాళ్లూ.
స్లాబు పడినాక మళ్లీ ఆ దిక్కు
పోయే పని ఉండేది కాదు.

భయం వేయలా. ఏడుపూ రాలా.
కాలరు ఒకపక్క మడతపడుంది.
సరిచేద్దామని చెయ్యి చాపినా,
చెయ్యంతా రొయ్యల వాసన.
ఆ వాసన గిట్టేది కాదు ఆయనకి.

సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకోని
మిగతా రెండిళ్లూ నడిచినా.
పద్నాలుగో ఇంటి మొహం
రోజూ మాదిరే నాలిక బయటపెట్టింది.
అటూ ఇటూ చూసి
నేనూ పెట్టినా.