ఆ ఒక్క మెట్టు

ఏడాదికి రెండుసార్లు వెళ్తాను
సబుర్తాలోలో, ఎనిమిదో అంతస్తుకి.
ఇరవై తెత్రీల నాణెం మింగితే గానీ కదలని లిఫ్టు.
నా సంచీలో మరలు తిప్పే తాళం, ఉన్ని పట్టీ, శ్రుతిదండం.
పియానోలకు శ్రుతి చేయడం నా పని.
వాయించడం కాదు.

పాఠం మధ్యలో వెళ్లినా
త్సియాలా పంతులమ్మ లోపలికే రమ్మంటుంది.
"కూర్చో వాజా, పచ్చి వాల్‌నట్ల మురబ్బా తిను.
ఇంకా మొదలవలేదు."
మొదలై అరగంటయింది నిజానికి.
గుమ్మంలో ఒక తల్లి గడియారం చూసుకుంటోంది.
పియానో కింద, కుక్క పక్కన,
వెల్లకిలా పడుకుని ఉన్నాడు ఏడేళ్ల గీగా.
మూడు వారాలుగా వాడి పాఠం అదేనట.
పైన ఆవిడ వాయిస్తుంది,
కింద వాడు చెక్కకి అరచెయ్యి ఆనించి ఉంచుతాడు.
"ఇందులో ఏం నేర్చుకుంటున్నట్టు?" అంది తల్లి.
"ఎక్కణ్నుంచి వస్తోందో చూస్తున్నాడమ్మా."
నాకు నవ్వొచ్చింది.
ముప్ఫై ఏళ్లుగా డబ్బు పుచ్చుకుని
నేను చూస్తున్నదీ అదేగా.

తర్వాత కెసో వచ్చింది, తడిసిన టోపీతో.
"ఇవాళ దారిలో ఏం విన్నావు?"
ఆ ఇంట్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.
"లిఫ్టు. నాణెం పడగానే దగ్గింది.
తర్వాత మూలిగింది."
"ఏదీ, చూపించు."
పుస్తకం మూసే ఉంది.
ఎడమచేత్తో, అడుగున, రెండు మెట్లు,
పక్కపక్కవి, ఒకేసారి నొక్కింది.
అచ్చం ఆ మూలుగే.
"మరి ఎక్కడ ఆగుతుంది?"
పిల్ల కాసేపు ఆలోచించి
ఎనిమిది మెట్లూ ఒక్కొక్కటే ఎక్కింది.
చివర చెయ్యి తీయకుండా
శబ్దం ఆరిపోయేదాకా వింది.
దాన్నే సప్తకం అంటారని ఎవరూ చెప్పలేదు.
వచ్చేవారం చెబుతుందేమో.
చెప్పకపోనూవచ్చు.

కుతాయిసీలో, నా చిన్నప్పుడు,
మా మాస్టారికి ఒక చెక్క స్కేలుండేది,
గీతలన్నీ మా కణుపుల మీదే అరిగిపోయాయి.
తొమ్మిదో ఏట మానేశాను.
చెవి మాత్రం మానలేదు,
తప్పెక్కడుందో పట్టుకోవడమే
దానికి బతుకుతెరువైంది.

ఆఖరున ఓతారీ, అరవై ఎనిమిదేళ్లు,
ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపినవాడు.
ఆయనకు కావలసింది ఒక్కటే పాట,
పోయిన భార్య గిన్నెలు తోముతూ తీసే కూనిరాగం.
సగమే గుర్తుంది.
మిగతా సగం ఇద్దరూ కలిసి వెతుకుతున్నారు,
రెండేళ్లుగా.
మధ్యలో టీ తాగుతారు.
ఒకరోజైతే పియానో మూతే తీయలేదట,
ఆవిడ ఏ గిన్నెలు ముందు తోమేదో
మాట్లాడుకుంటూ కూర్చున్నారట.

అందరూ వెళ్లాక సంచీ విప్పాను.
ఒక్కో తీగె బిగించుకుంటూ పైకి వెళ్తే
కుడివైపు ఒక నల్ల మెట్టు
దిగజారి ఉంది, తడిసిన గుడ్డలా.
తాళం పెట్టబోయాను.
"అది ముట్టుకోకు వాజా.
కెసో దాన్ని వానమెట్టు అంటుంది.
దానితో ఇంకా పని ఉందట."

ముప్ఫై ఏళ్లలో నన్నెవరూ
ఇలాంటిది అడగలేదు.
చుట్టూ ఉన్న వాటన్నిటినీ సరిచేసి
ఆ ఒక్కదాన్నీ వదిలేశాను.
వదిలేయడానికే ఎక్కువసేపు పట్టింది.
పళ్లసందులో పీచులా ఉండిపోయింది చెవిలో.

డబ్బు లెక్కపెట్టి ఇస్తూ అడిగింది:
"నీకేం వాయించాలనుంది?"
"నేను వాయించనమ్మా."
"సరే," అంది.
అంతే. బతిమాలలేదు.
పియానో మూత వేయకుండా
కుక్కకి అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

నేను బూట్లు వేసుకున్నాను.
ఆ లిఫ్టుకి దిగడానికీ నాణెమే.
వేశాను. దగ్గింది.
కోటు జేబులో, ఎడమచేతి వేళ్లు రెండు,
పక్కపక్కవి,
నన్నడక్కుండానే
కిందికి ఒత్తుకున్నాయి.