మూడో కోత

గ్రిమ్స్‌బీ రేవులో చేపకి రెండు కోతలు.
ఒకటి తలకి, ఒకటి పొట్టకి.
మూడోది నాది.
మేడ మీద, హీటరు పక్కన కూర్చుని
చేతికి నెత్తురంటకుండా
శుక్రవారం శుక్రవారం నేను కోస్తాను.

మావర్, కార్ల్. ఫిల్లెటింగ్ బల్ల, రెండో వరస.
పన్ను. బీమా. పింఛను.
ఆ కింద, సర్కారు ఉత్తర్వు ప్రకారం
పిల్ల పోషణకి అరవై రెండు పౌండ్ల నలభై.
అంకె వేసి గీత గీస్తాను.
కార్ల్ మెట్లెక్కి వస్తాడు, రబ్బరు బూట్లు కిర్రుమంటూ.
చీటీ చదవడు. మడిచి టోపీలో పెట్టుకుంటాడు.
"వెళ్తోందిగా?" అంటాడు.
"వెళ్తోంది" అంటాను.
అబద్ధం కాదు. నీ జీతంలోంచి వెళ్తోంది.
ఎక్కడికో నువ్వు అడగలేదు.

మొదట ఒక్క నెలే అన్నాడు డౌస్.
"ఐసు బిల్లు మీద పడింది హిలరీ, ఈసారికి ఆపు."
తర్వాత కంప్రెసరు.
తర్వాత ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.
ఆఫీసు నుంచి గోధుమరంగు కవర్లు వచ్చాయి.
నేనే చించాను, నేనే చదివాను,
తేదీల వారీగా నేనే ఫైలు చేశాను.
ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు.
ఈ ఊళ్లో ఉప్పు తిననిదెవరు?
నోరు తెరిస్తే చాలు, గాలే తినిపిస్తుంది.

ఫ్రీమన్ వీధి దుకాణంలో
షెరిల్ నా ముందు వరసలో నిలబడింది.
ఆమెకి నేను తెలియదు.
నాకు ఆమె కేసు నంబరు నోటికొచ్చు.
బిల్లు పెరుగుతోంది.
కీలీ, పదేళ్లుంటాయేమో,
తల్లి ఒక్క మాటా అనకుండానే
బుట్టలోంచి జున్ను తీసి వెనక్కి పెట్టింది,
తర్వాత షాంపూ.
ఏది ముందు తియ్యాలో ఆ పిల్లకి వరస తెలుసు.
"వాళ్ల నాన్న పెన్నీ విదల్చడు" అంది షెరిల్,
కౌంటరు మీది అమ్మాయితో, మామూలుగా,
వాన వచ్చేలా ఉంది అన్నట్టు.
నా సంచిలో పొగబెట్టిన హాడాక్ ఉంది,
సిబ్బందికి సగం ధర.
నేను నాణేలు లెక్కపెట్టుకున్నాను.

మార్చిలో కార్ల్ వచ్చి వెళ్లకుండా నిలబడ్డాడు.
వేళ్ల మీద పాత గాట్లు, కొత్త ప్లాస్టర్లు.
"కీలీ ఫోను ఎత్తడం మానేసింది.
డబ్బివ్వనివాడికి మాటలెందుకు అందట."
బ్రెడ్డు కవరు ఒకటి బల్ల మీద పెట్టాడు.
లోపల నలభై ఒక్క చీటీలు,
తడిసి ఆరి అప్పడాల్లా వంకర్లు పోయి.
"ఇవి చూపిస్తే నమ్ముతుందా?"

కోసినట్టు చీటీ చెబుతుంది, కార్ల్.
చేరలేదని చెప్పేది నా సొరుగులో ఉంది.

ధైర్యం అనకండి దీన్ని.
డౌస్ భోజనానికి వెళ్లేదాకా ఆగాను.
జిరాక్సు మిషను ప్రతి కాగితానికీ మూలుగుతుంటే
ప్రతిసారీ మెట్ల వైపు చూశాను.
బ్యాంకు లెక్క, కవర్ల తేదీలు, నా పెన్సిలు గుర్తులు,
అన్నీ ఆ బ్రెడ్డు కవర్లోనే కుక్కాను.
అతను థాంక్స్ అనలేదు.
నన్ను చూశాడు, చాలాసేపు,
ముల్లు ఎక్కడుందో వెతికేవాడిలా.

తర్వాతి వారం నాలుగు ముక్కలు చెప్పాడు.
షెరిల్ తలుపు సగమే తీసిందట.
చీటీలు వంటింటి బల్ల మీద పరిస్తే
చేప వాసనకి కిటికీ తెరిచారట.
కీలీ కూడిందట, లెక్కల పుస్తకం వెనక పేజీలో.
రెండుసార్లు తప్పిందట.
మూడోసారి
రెండు వేల ఐదు వందల యాభై ఎనిమిది పౌండ్ల నలభై.
"అప్పుడు?" అన్నాను.
"టీ ఇచ్చారు" అన్నాడు.

డబ్బు ఇంకా చేరలేదు.
డౌస్ లాయరుతో మాట్లాడుతున్నాడు, తలుపు మూసుకుని.
ఈ శుక్రవారం కూడా అంకె వేశాను,
గీత గియ్యబోయి పెన్ను దించాను.

పొద్దున మెట్ల మీద మళ్లీ గోధుమరంగు కవరు.
మునుపటికన్నా మందం.
ఈసారి కంపెనీ పేరు లేదు,
నా పేరుంది, అక్షరం తప్పు లేకుండా.
హీటరు కట్టేసి
కోట్లోనే కూర్చున్నాను,
కవరు ఒళ్లో పెట్టుకుని.