తోక లేని పేరు

నేను పుట్టిన రోజున మా నాన్న
కొడుక్కని దాచుకున్న పేరు పారేయలేక
దానికో తోక కుట్టాడు.
ఆంగస్ కాస్తా ఆంగసినా అయింది.
మా దీవిలో అదేం వింత కాదు.
పక్కింట్లో హ్యూయినా, వాలు మీద డొనాల్డినా,
బడిలో మా బెంచీ నిండా
పుట్టని అన్నదమ్ముల చొక్కాలు
బిగించి కుట్టించుకుని తొడుక్కున్న పిల్లలం.

ఎనభై రెండేళ్ళు ఈడ్చాను ఆ తోకని.
పొయ్యిలోకి బురదనేల గడ్డలు కోశాను,
గొర్రెల ఉన్ని కత్తిరించాను,
నాన్న పడవకి తారు పూశాను.
ఏ పనీ అడగలేదు, తోక ఉందా అని.

ఇప్పుడు కాట్రియోనా, మా చెల్లెలి మనవరాలు,
స్టోర్నోవే ఆసుపత్రి నుంచి ఫోను:
"ఆడపిల్ల. ఆంగస్ అని పెడుతున్నా.
ఉత్త ఆంగస్. నీకు కోపమా?"

వాళ్ళమ్మ మూడు రోజులుగా మాట్లాడ్డం లేదట.
పాస్టరు దగ్గి ఊరుకున్నాడట.
రిజిస్ట్రారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని
స్పెల్లింగు చెప్పమన్నాడట, అంతే.

కోపమా?
కెటిల్ కూత పెడుతూనే ఉంది, దించలేదు.
నాకెవరూ చెప్పలేదే,
దాన్ని తీసేయొచ్చని.

శనివారం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.
ఎర్రగా, ముడుచుకుని, పిడికిట్లో నా స్వెట్టరు గుండీ.
పేరుకి తగ్గట్టుందా లేదా అని
వచ్చినవాళ్ళంతా వంగి వంగి చూశారు.
దానికి పాల సంగతి తప్ప వేరే పట్టింపు లేదు.

వంటగది గుమ్మంలోంచి కాట్రియోనా పిలిచింది,
"ఆంగస్!"

పాప నిద్రలో ఉంది.
"ఆఁ" అన్నాను నేను.