తాళాల మరమ్మతు

కంచరపాలెం మెట్టు దగ్గర నా కొట్టు.
రేకు మీద ఎర్ర రంగుతో రాసుండేది:
బీరువాలు, లాకర్లు, తాళం పడిన ఏదైనా.
హుద్‌హుద్ ఆ రేకునే పట్టుకుపోయింది.
అయినా ఆ వారం నన్ను వెతుక్కుంటూ వచ్చినంతమంది
పాతికేళ్ళలో రాలేదు.

కరెంటు లేదు, ఫోన్లు లేవు.
పచ్చగా ఉండే కైలాసగిరి
పెనం మీద మర్చిపోయిన అట్టులా ఉంది.
సంచిలో సుత్తీ, ఆకురాయీ, కొబ్బరినూనె సీసా,
కూలిన చెట్ల మీంచి సైకిలెత్తుకుని
ఎంవీపీ కాలనీకి నడిచాను.

నాలుగో అంతస్తు. కిటికీల్లో అద్దాల్లేవు, ఆకాశం ఉంది.
బోర్లా పడ్డ బీరువా మీద కూర్చుని
సోమయాజులు గారు నానిన బిస్కెట్టు తింటున్నారు.
నలుగురం లేపితే నీళ్ళు కారాయి.
తలుపు ఊడగానే ఆయన చెయ్యి
నగల అరలోకి పోలేదు, దస్తావేజుల్లోకి పోలేదు.
అట్టడుగున చెప్పుల డబ్బాలో వెతికి
వినికిడి మిషను బ్యాటరీలు తీశారు.
"గాలి ఆగిపోయిందని మూడ్రోజుల్నుంచి సైగ చేస్తున్నానయ్యా,
మా ఆవిడ నమ్మడం లేదు."

లాసన్స్ బే కాలనీలో వసుంధర గారి పట్టుచీరలు
ఒకదాని రంగు ఒకటి తాగేశాయి.
ఆవిడ నవ్వింది. నిజంగానే నవ్వింది.
వాచ్‌మన్ భార్యకొకటి, పాల కుర్రాడి అక్కకొకటి,
మజూరీతో పాటు నాకూ ఒకటి.
"ప్రాణాలు మిగిలాయి, ఇంకెందుకివి" అంది.
నెమలికంఠం రంగు చీర, అంచున ఎర్ర మరక.
ఆ రాత్రి మా ఎగిరిపోయిన కిటికీకి అడ్డం కట్టుకున్నాం.

నేనేం ఋషిని కాదు.
ఆ ఆదివారం మధ్యాహ్నం కాసేపు గాలి నిలబడిపోయినప్పుడు
వీధిలో పడ్డ మా ప్లాస్టిక్ కుర్చీ కోసం పరిగెత్తాను.
నూకరత్నం వెనక నుంచి చొక్కా పట్టి లాగింది.
చొక్కా చిరిగింది.
గాలి అటునుంచి ఇటు తిరిగి
కుర్చీని ఎత్తుకుపోయింది.
దాని ఖరీదు రెండొందల ఎనభై.
చొక్కా ఖరీదు గుర్తులేదు.

జాలారిపేటలో మైలపిల్లి పోలమ్మకి
తెరవడానికి ఏమీ లేదు.
మొలతాడుకి కట్టిన తాళంచెవి ఊడదీసి చూపించింది.
"పెట్టిని సంద్రం అట్టుకుపోనాది.
ఇది నా కాడే ఉండిపోనాది.
దీనికి సరిపడ్డ తాళం సేత్తావేటి?"
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

దీపావళి చీకట్లోనే వెళ్ళిపోయింది.
సంక్రాంతి లోపే జనం మళ్ళీ కొనడం మొదలెట్టారు.
ముందుకంటే పెద్దవి, ముందుకంటే బరువైనవి,
గోడకి బోల్టులు వేయించి మరీ.
నాకు మంచిదే. అబద్ధమెందుకు.
మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు వసుంధర గారు కబురు పెట్టారు.
కొత్త బీరువా, రెండు తాళాలు.
పని అయ్యాక గుమ్మం దాకా వచ్చి, నేల చూస్తూ,
"ఆ నెమలికంఠం చీర... ఉందా?
మా అమ్మది. ఆ రోజు తెలివిలో లేను" అన్నారు.
మూడు నెలల ఎండకి సగం తెల్లబడింది.
నూకరత్నం ఉతికి, మడతపెట్టి, మాట్లాడకుండా ఇచ్చింది.
ఆవిడ దాన్ని చూడలేదు. మొహానికి ఆనించి వాసన చూశారు.
మా వంటింటి పొగ వాసనే వచ్చుంటుంది.

మా బీరువా మాత్రం ఇప్పటికీ సరిగా పడదు.
బాగుచేస్తానంటే నూకరత్నం ఒప్పుకోదు.
"ఊరందరివీ మూస్తున్నావు కదా, ఒకటి ఒగ్గేయ్" అంటుంది.

పోలమ్మ తాళానికి నాలుగు రాత్రులు పట్టింది.
పెట్టె ఉన్నప్పుడు తాళంచెవి చెయ్యడం నా వృత్తి.
తాళంచెవిని పట్టుకుని వెనక్కి వెళ్ళడం కొత్త.
సర్కారు ఇచ్చిన బియ్యం డబ్బాకి గొళ్ళెం కొట్టి
దానికి వేసింది. లాగి చూసింది. మళ్ళీ తీసింది.
లోపల ఇంకా ఏమీ లేదు.
డబ్బులొద్దంటే పిడికెడు ఎండునెత్తళ్ళు పెట్టింది.
ఆ వాసన నా సంచిలో వేసవి దాకా పోలేదు.